ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ కాలేజీ: చదివినవాళ్లు, చెప్పినవాళ్లు ఏం సాధించారు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఏటా ఎమ్మెస్సీ సీట్లు ఖరారయ్యే రోజుల్లో ఊళ్లోంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మావాడికి వాల్తేరులో సీటొచ్చింది, అంత పేరున్న కాలేజీ అంటారు గదా, ఎందుకా పేరు?" అని. పాత విద్యార్థిగా నాకు తెలిసింది చెబుతూ వచ్చాను. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట రాసిపెడుతున్నాను. ప్రతి శాఖ గురించీ రాయలేదు. నా మనసుకు దగ్గరైనవాటి దగ్గర ఎక్కువసేపు ఆగాను.

ఈ సైన్స్ కాలేజీ ఎప్పుడు, ఎవరి డబ్బుతో మొదలైంది?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టింది. 1930లో వాల్తేరుకు వచ్చి స్థిరపడింది. తొలి ఉపాధ్యక్షులు, అంటే వైస్ ఛాన్సలర్, కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆ తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. సైన్స్ చదువుకి ప్రాణం పోసింది జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు. ఏటా లక్ష రూపాయల దానం ప్రకటించారు. అందుకే ఆ కాలేజీకి జయపురం విక్రమదేవ కళాశాల అని పేరు పెట్టారు. జయపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఆ రోజుల్లో అది విశాఖపట్నం జిల్లాలో భాగమే.

డబ్బు రావడం ఒక ఎత్తు, మనుషుల్ని ఎంచుకోవడం ఇంకో ఎత్తు. రాధాకృష్ణన్ గారి హయాంలో ఫిజిక్స్‌కి సూరి భగవంతం గారు 1932లో, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి గారు 1933లో వచ్చారు. చేరేనాటికి ఒకరి వయసు ఇరవై మూడు లోపు, ఇంకొకరిది ముప్ఫై మూడు. అంత చిన్నవాళ్ల చేతిలో శాఖల్ని పెట్టే ధైర్యం ఆనాటి పెద్దలకు ఉండబట్టే ఈ కథంతా జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

అందరూ ముందు చెప్పే పేరు సి.ఆర్. రావు గారిదే. ఆయన స్టాటిస్టిక్స్ ఇక్కడే నేర్చుకున్నారా?

లేదు, ఇక్కడ చదివింది గణితం. చాలామంది పొరబడేది ఇక్కడే.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. నాన్నగారు పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీ అయిన ఊరికల్లా సంసారం కదిలేది. గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా రావు గారి చదువు చివరికి విశాఖ చేరింది. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేవారని ఆయనే రాసుకున్నారు.

ఇక్కడ గణితంలో మొదటి స్థానంలో పాసయ్యారు. ఇక్కడే పరిశోధన చేద్దామనుకున్నా కుదరలేదు. యుద్ధకాలం, ఉద్యోగాలు లేవు. సైన్యం వారి సర్వే విభాగంలో పని కోసమని కలకత్తా వెళ్తే అదీ దొరకలేదు. కానీ అక్కడ బస చేసిన చోట ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒకాయన కలిశారు. ఆ మాటల్లో ఆ సంస్థ గురించి తెలిసింది. 1941 జనవరిలో అందులో చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. పూర్తిచేశారు. 1948లో కేంబ్రిడ్జిలో స్టాటిస్టిక్స్ దిగ్గజం ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. 2001లో పద్మవిభూషణ్. 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు.

క్రామర్-రావు అంటారు గదా, అదేంటో లెక్కలు రానివాళ్లకి చెప్పగలరా?

ప్రయత్నిస్తాను. మామిడి తోట గుత్తకి తీసుకునే వ్యాపారిని చూడండి. తోటలో కాయలన్నీ తూకం వేయలేడు. అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు చూసి ఓ యాభై కాయలు కోయించి, తూచి, మొత్తం తోటలో కాయ సగటు బరువు ఇంత ఉంటుందని అంచనా కడతాడు. ఇంకో వ్యాపారి ఇంకో యాభై కాయలు కోస్తే అంచనా కొంచెం మారుతుంది. ఎవరి పద్ధతి మంచిది? ఎవరి అంచనా నిజమైన సగటు చుట్టూ తక్కువగా ఊగితే వారిది.

రావు గారు చూపించింది ఏమిటంటే, ఎటూ మొగ్గని ఏ పద్ధతి వాడినా ఆ ఊగిసలాట ఒక హద్దు కన్నా తగ్గదు. కోసిన కాయలు నిజం గురించి ఎంత సమాచారం ఇస్తున్నాయో ఆ సమాచారమే హద్దుని తేలుస్తుంది. అంటే మీ పద్ధతి ఆ హద్దును తాకిందంటే, ఇంతకన్నా మంచిది ఇంకెవరో కనిపెడతారేమోనని వెతుక్కోనక్కర్లేదు.

ఇది పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. 1944లో కలకత్తాలో పాఠం చెబుతూ, పెద్ద నమూనాలకు ఫిషర్ చూపిన ఫలితాన్ని రావు గారు వివరిస్తున్నారు. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు ఇలాంటిదేమీ లేదా అని అడిగారు. రావు గారు ఆ రాత్రి కూర్చుని తేల్చి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వచ్చిన వ్యాసంలో అది ఉంది. రావు-బ్లాక్‌వెల్ అని పిలిచే ఇంకో ఫలితమూ, ఇప్పుడు సమాచార జ్యామితి అంటున్న కొత్త దారీ అదే వ్యాసంలో ఉన్నాయి. అప్పటికి ఆయనకు ఇంకా పీహెచ్‌డీ రాలేదు.

సి.ఆర్. రావు పేరుతో ఉన్న సంస్థ విశాఖలోనే ఉందా?

కాదు, హైదరాబాదులో. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉంది.

ఆయనకి ఇక్కడ గణితం చెప్పినవాళ్లెవరు? వాళ్ల పేర్లు ఎక్కడా వినపడవేం?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకి నా నమస్కారం. నిజానికి ఈ పేజీ మొదలుపెట్టిందే ఈ ఒక్క జవాబు కోసం.

వి. రామస్వామి గారని గణితాచార్యులు ఉండేవారు. రావు గారికి పాఠం చెప్పిన గురువు. ఆయన సొంత పనేమిటో చూడండి. 720 అనే సంఖ్య ఉంది. దాన్ని విడగొడితే అన్నీ రెళ్లు, మూళ్లు, ఒక ఐదు. అంతా చిన్న ప్రధాన సంఖ్యలే. దాని పక్కనే ఉన్న 721 అలా కాదు. 7ని 103తో హెచ్చవేస్తే వస్తుంది. ఇటు పక్కన 719 అసలు విడదు. మరి ఒక పెద్ద హద్దు లోపు 720 లాంటి సంఖ్యలు, అంటే చిన్న ప్రధానాంకాలుగా విడిపోయేవి, ఏ పాళ్లలో ఉంటాయి? డిక్‌మాన్ అనే ఆయన 1930లో ఒక సూత్రం చెప్పారు. దాన్ని పొరపాటుకి తావు లేకుండా రుజువు చేసి, తప్పు ఎంతలోపు ఉంటుందో కూడా తేల్చి 1949లో ప్రచురించింది వాల్తేరులో కూర్చున్న మన రామస్వామి గారు.

అప్పట్లో అది కేవలం లెక్కల మీద ప్రేమతో చేసిన పని. ఇవాళ పెద్ద సంఖ్యల్ని విడగొట్టే కంప్యూటర్ పద్ధతులు ఎంతసేపు పడతాయో అంచనా వేయడానికి ఆ పాళ్లే ఆధారం. మీ బ్యాంకు లావాదేవీల్ని కాపాడే రహస్య సంకేతాలు ఎంత పొడుగ్గా ఉండాలో నిర్ణయించేటప్పుడు ఆ లెక్క కూడా చూస్తారు. ప్రపంచంలో ఆ విషయం మీద రాసిన చరిత్రల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రామస్వామి అని ఉంటుంది. మన ఊళ్లో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? శిష్యుడి పేరు చెప్పినప్పుడల్లా గురువు పేరూ చెప్పడం మన అలవాటు కావాలని నా కోరిక.

భగవంతం గారు రామన్ శిష్యులు గదా, మరి ఆంధ్రా వర్సిటీ ఆయన్ని తనవారని ఎలా చెప్పుకుంటుంది?

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన ఈయన హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ గారి దగ్గర చేరారు. సరిగ్గా రామన్ ఫలితం, అంటే పదార్థం మీద పడి చెదిరిన వెలుతురులో కొంత రంగు మారుతుందన్న సంగతి, బయటపడిన ఏడాది అది. కాంతి కణానికి స్పిన్, అంటే బొంగరం తిరుగుడు లాంటి గుణం, ఉందని చూపే ప్రయోగం ఇద్దరూ కలిసి 1931లో ప్రకటించారు. కానీ తన సొంత బడి ఆయన కట్టింది వాల్తేరులోనే.

ఆ బడిలో జరిగిన పనికి ఒక పోలిక చెబుతాను. చుక్కల ముగ్గు వేశాక పళ్లెం తిప్పినట్టు పావు వంతు తిప్పితే మళ్లీ అదే ముగ్గు కనిపిస్తుంది గదా. స్ఫటికంలో అణువుల అమరికా అలాంటిదే. ఎన్ని రకాలుగా తిప్పినా, అద్దంలో చూసినా మారకుండా ఉంటుందో తెలిస్తే, ఆ స్ఫటికం మీద వెలుతురు వేసినప్పుడు రామన్ వర్ణపటంలో ఎన్ని గీతలు రావచ్చో ప్రయోగం చేయకముందే లెక్కకట్టవచ్చు. ఆ లెక్క కట్టే పద్ధతిని భగవంతం గారు, గణితజ్ఞుడైన టి. వెంకటరాయుడు గారు కలిసి తయారుచేశారు. ఆ విషయం మీద ఇద్దరూ రాసిన పుస్తకాన్ని 1948లో అచ్చువేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఫిజిక్స్ వాళ్లూ లెక్కల వాళ్లూ ఒకే వరండాలో తిరిగే చోట ఇలాంటి పనులు జరుగుతాయి. శిష్యుడు జె. భీమసేనాచార్ గారితో కలిసి వజ్రం స్థితిస్థాపకతను కొలిచి, 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు.

తర్వాత 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు, ఆపైన బెంగళూరు ఐఐఎస్సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టరు, 1961 నుంచి రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు.

రంగధామరావు గారి లాబ్ అంటే ఏం చేసేవారు?

స్టవ్ మీద అన్నం పొంగి గంజి మంట మీద పడితే నీలం మంట ఒక్కసారి పసుపు రంగులోకి తిరుగుతుంది, చూశారా? గంజిలో ఉప్పు తాలూకు సోడియం చేసే పని అది. ప్రతి మూలకానికీ ఇలా సొంత రంగులున్నాయి. ఆ వెలుతురుని పట్టకం గుండా పంపిస్తే సన్నని గీతలుగా విడిపోతుంది. ఆ గీతల దూరాలు కొలిచి అణువు లోపల ఏముందో చెప్పడమే స్పెక్ట్రోస్కోపీ. కె. రంగధామరావు గారు దీన్ని విదేశాల్లో ఫౌలర్, పాషెన్‌ల దగ్గర నేర్చుకుని వచ్చి వాల్తేరులో పెద్ద బడి నడిపారు. ఇప్పుడు మీట నొక్కితే తెరమీద కనిపించే గీతకి ఆ రోజుల్లో చీకటి గదిలో ఫొటో పలకని గంటల తరబడి వెలుతురుకు చూపించాలి. ఆ తర్వాత పలకని కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో గీతా కొలవాలి. కరెంటు ఊగిసలాడితే అంతా మొదటికి.

ఆయన శిష్యుల్లో పుచ్చా వెంకటేశ్వర్లు గారు తర్వాత ఐఐటీ కాన్పూర్‌లో ఫిజిక్స్ శాఖకు పెద్దదిక్కై, చివరికి అమెరికాలో అలబామాలో లాబ్ నడిపారు. రంగధామరావు గారి పేరిట భారత జాతీయ విజ్ఞాన అకాడమీ స్మారక ఉపన్యాసం నెలకొల్పింది.

శేషాద్రి గారు పూల మీద పరిశోధన చేశారంటారు, నిజమేనా?

నిజమే. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పీహెచ్‌డీ చేసి వచ్చిన మనిషి. ఇక్కడికొచ్చి చూస్తే ఖరీదైన రసాయనాలు లేవు, పరికరాలు లేవు. కానీ చుట్టూ చేలూ చెట్లూ ఉన్నాయి. పత్తి పూల పసుపు రంగులో ఏముందని నీలకంఠం గారనే శిష్యుడితో కలిసి వరుసగా వ్యాసాలు రాశారు. గోంగూర మొక్క పువ్వు, అదే గోగు పువ్వు, దాని రంగునీ విడదీశారు. ఎస్. రంగస్వామి గారితో కలిసి కానుగ నూనెలోంచి పొంగమాల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మన పల్లెల్లో దీపానికి వాడిన నూనె, పుల్లకూర మొక్క పువ్వు ప్రపంచ రసాయన శాస్త్రంలోకి వెళ్లిన దారి ఇది.

కిలోల కొద్దీ పూలు ఎండబెట్టి, ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, మరిగించి, చివరికి గాజు పాత్ర అడుగున మిగిలే చిటికెడు పసుపు పొడి కోసం వారాలు గడపాలి. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లిపోయారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో, 1963లో పద్మభూషణ్. ఎల్. రామచంద్రరావు గారు ఇక్కడే ఉండి గురువు గారి పనిని ముందుకు తీసుకెళ్లారు.

యుద్ధకాలంలో కాలేజీ మూసేశారా?

మూయలేదు, మార్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ప్రాంగణాన్ని సైన్యం తీసుకుంది. విశ్వవిద్యాలయం గుంటూరు వెళ్లి, యుద్ధం అయ్యాక 1946లో తిరిగొచ్చింది. లాబ్ సామాను మూటలు కట్టుకుని వేరే ఊళ్లో బల్లలేసుకుని చేసిన పనులు కూడా మనం చెప్పుకుంటున్న లెక్కలో ఉన్నాయి.

బీచ్ దగ్గర కాలేజీ కావడం వల్ల ఏమైనా ఉపయోగం జరిగిందా?

జరిగింది, చాలా. సాయంత్రం బీచ్‌కి వెళ్లినప్పుడు ఇసుక ఒక గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడండి. తెల్ల రేణువుల మధ్య నల్లవి, ఎర్రవి కనిపిస్తాయి. నల్లవి ఎక్కువగా ఇల్మెనైటు, ఎర్రవి గార్నెట్టు. తేనె రంగులో చిన్నవి ఎక్కడో ఒకటీ అరా కనిపిస్తే అవి మోనజైటు కావచ్చు. తూర్పు కనుమల రాళ్లు అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి ఇక్కడ తేలినవే ఇవన్నీ. జియాలజీ ఆచార్యులు సి. మహదేవన్ గారు శ్రీరామదాసు గారితో కలిసి విశాఖ జిల్లా ఇసుకలో మోనజైటు ఉందని 1948లో రాశారు. మోనజైటులో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉంటుంది. దేశంలో అణుశక్తి సంఘం ఏర్పడింది కూడా ఆ ఏడాదే. ఆ సమయంలో ఈ సమాచారం ఎంత విలువైనదో ఊహించుకోండి.

అదే గుప్పెడు ఇసుకని జువాలజీ వాళ్లు ఇంకోలా చూశారు. రేణువుకీ రేణువుకీ మధ్య తడిలో కంటికి కనపడని జీవులు కాపురం ఉంటాయి. పి.ఎన్. గణపతి గారు, జి. చంద్రశేఖరరావు గారు వాల్తేరు తీరంలో ఆ జీవుల మీద చేసిన పనిని 1962లో ప్రచురించారు. మన దేశంలో ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ అక్కణ్ణుంచే మొదలుపెడతారు.

సముద్రం అడుగున "ఆంధ్రా" అనే లోయ ఉందట, నిజమా?

నిజంగా ఉంది. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసే యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు 1950లలో ఇక్కడికి విజిటింగ్ ప్రొఫెసరుగా వచ్చారు. సముద్ర శాస్త్రం ఇక్కడ ఊపందుకున్నది అప్పుడే. మన నౌకాదళం ఓడలెక్కి కుర్రాళ్లు బంగాళాఖాతంలో నీటి నమూనాలు తీశారు, ఉష్ణోగ్రతలు కొలిచారు. అడుగునున్న చల్లటి నీరు ఏ కాలంలో పైకి వస్తుందో తేల్చారు. ఆ నీటితో పైకొచ్చే పోషకాలే చేపలకి మేత కాబట్టి ఇది జాలర్లకీ సంబంధించిన సంగతే. ఆ ఫలితాలను విశ్వవిద్యాలయమే ప్రత్యేక సంపుటాలుగా అచ్చువేసింది.

తూర్పు తీరం ఎదుట సముద్రపు వాలులో పెద్ద పెద్ద లోయలున్నాయని తర్వాత తెలిసింది. 1964లో వచ్చిన వ్యాసంలో లాఫాండ్ వాటికి ఆంధ్రా, మహదేవన్, కృష్ణా అని పేర్లు పెట్టారు. ఒకటి విశ్వవిద్యాలయం పేరు, ఒకటి ఆ జియాలజీ మాస్టారి పేరు. మహదేవన్ గారు అప్పటికి రెండేళ్ల కిందటే పోయారు. ఇక్కడ ఆ రోజుల్లో పనిచేసిన వి.వి.ఆర్. వరదాచారి గారు తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు.

ఇక్కడివాళ్లెవరికైనా నోబెల్ వచ్చిందా?

రాలేదు. రామన్ గారి పేరు కొందరు కలిపేస్తుంటారు. ఆయన చిన్నప్పుడు విశాఖలో పెరిగిన మాట నిజం, తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. కానీ ఈ విశ్వవిద్యాలయం పుట్టేనాటికే రామన్ పేరున్న శాస్త్రవేత్త. లేని గొప్ప తగిలించుకోనక్కర్లేదు, ఉన్నదే బోలెడుంది.

మా అమ్మాయికి ఇప్పుడు సీటొచ్చింది. ఈ పాత కథలు ఆమెకి ఏం పనికొస్తాయి?

పనికొచ్చేలా చేసుకునే దారి ఒకటి చెబుతాను. చేరిన మొదటి నెలలోనే పాఠం చెప్పే మాస్టార్నో మేడంనో అడగమనండి: "మీ గైడు ఎవరండీ? వారి గైడు ఎవరు?" అలా నాలుగు మెట్లెక్కితే ఏ రంగధామరావు గారో శేషాద్రి గారో తగులుతారు. ఆ తర్వాత లైబ్రరీలో వాళ్ల వ్యాసం ఒక్కటి తీసి చదవమనండి. అర్థమైనంతే చదవొచ్చు. భగవంతం, శేషాద్రి గార్ల వ్యాసాలు చాలావరకు భారతీయ విజ్ఞాన అకాడమీ సంచికల్లో ఉన్నాయి. అకాడమీ వాటిని నెట్‌లో ఉచితంగానే పెట్టింది.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఈ మాట చెప్పినవాళ్లు లేక, రెండేళ్లూ ఆ గోడల మధ్యే తిరిగి, అక్కడేం జరిగిందో తెలియకుండానే బయటికొచ్చాను. రామస్వామి గారి పేరు నేను మొదటిసారి చదివింది పరాయి దేశంవారు రాసిన వ్యాసంలో. ఆ రోజు పడ్డ బాధ నాకు ఇంకా గుర్తుంది.

మా తాతగారు అక్కడ పరిశోధన చేశారు. ఆయన నోటు పుస్తకాలు, పాత ఫొటో పలకలు అటక మీద ఉన్నాయి. ఏం చేయాలి?

దయచేసి పాత పేపర్ల వాడికి వేయకండి. గాజు పలకల్ని తుడవొద్దు, తడిబట్ట అసలు తగలనివ్వొద్దు. పైనున్న పూత ఊడిపోతుంది. ఒక్కోదాన్నీ విడిగా శుభ్రమైన కాగితంలో చుట్టి, పడుకోబెట్టకుండా నిలబెట్టి, చెమ్మ తగలని పెట్టెలో ఉంచండి. నోటు పుస్తకాల్ని పేజీ పేజీ ఫోనుతో ఫొటో తీయండి. తారీఖులు, పక్కన గీసిన బొమ్మలు, కొట్టివేతలు కూడా వదలకండి. తాతగారి పేరు, శాఖ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, గైడు ఎవరు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. ఆ తర్వాత ఆ శాఖకి ఉత్తరం రాయండి. ఇంట్లో ఆయన్ని చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే మటుకు ముందు వాళ్ల దగ్గర కూర్చుని, లాబ్ గురించి ఆయన చెప్పేవన్నీ అడిగి రికార్డు చేసుకోండి.